ఈసీజీ, ఈఈజీ కలిపి తీసే పరికరం మీద పీహెచ్‌డీ చేస్తానంటే గైడు వద్దంటున్నారు

మిల్లీవోల్ట్
వైజాగ్‌లో బయోమెడికల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా. కాలేజీ పేరు అడగొద్దు. నా ఆలోచన చెప్తా, తిట్టేవాళ్ళు తిట్టండి.

ఉన్నట్టుండి పడిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకునేవాళ్ళని చూసే ఉంటారు. అది మూర్ఛా, లేక గుండె లయ తప్పి మెదడుకి రక్తం అందక పడిపోయారా అన్నది పైకి చూస్తే తేలదు. డాక్టరు దగ్గరికి చేరేసరికి ఆ మనిషి లేచి కూర్చుని టీ తాగుతుంటాడు. అందుకని గుండెలో కరెంటు (ఈసీజీ), మెదడులో కరెంటు (ఈఈజీ) రెండూ ఒకేసారి పట్టే చిన్న పెట్టె ఒకటి చెయ్యాలని ఉంది. ఇంట్లో ఉన్నా, పడుకున్నా రికార్డు అవుతూ ఉండాలి. ఛాతీ మీద రెండు ఎలక్ట్రోడ్లు, నుదుటి మీద, చెవుల వెనకా నాలుగు.

గైడు గారేమో "గుండె అయితే గుండె, మెదడైతే మెదడు, ఏదో ఒకటి తేల్చుకో. అసలు హార్డ్‌వేర్ ఎందుకమ్మా, నెట్‌లో డేటా ఊరికే దొరుకుతుంటే" అంటున్నారు. కార్డియాలజీ వాళ్ళ దగ్గరికి వెళ్తే న్యూరోకి వెళ్ళమంటారు. న్యూరో వాళ్ళు కార్డియాలజీకి పంపిస్తారు.

పైగా నా సిగ్నల్ చూస్తే ఏడుపొస్తోంది. గోడ ప్లగ్గుల కరెంటు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గీతలు తప్ప తెర మీద ఇంకేం లేదు. ఈ ఉక్కకి ఎలక్ట్రోడ్లు చెమట పట్టి ఊడిపోతున్నాయి. ఈ పని అసలు చెయ్యదగ్గదేనా?

మురీమిక్చర్
గుండె డాక్టరు మెదడు డాక్టరు దగ్గరికి, మెదడు డాక్టరు గుండె డాక్టరు దగ్గరికి తిప్పుతుంటే పేషెంటు చివరికి మోకాళ్ళ డాక్టరు దగ్గర తేలతాడు.

తొంభైతొమ్మిది_శాతం
మీ గైడు చెప్పిందే కరెక్టు. నెట్‌లో దొరికే ఎంఐటీ-బీఐహెచ్ ఈసీజీల డేటాబేస్ దించుకోండి, ఒక న్యూరల్ నెట్‌వర్క్ ఎక్కించండి, పేపరు రాసెయ్యండి. నాకు 99 దాటింది ఆక్యురసీ. హార్డ్‌వేర్ అంటూ సోల్డరింగ్ మొదలెడితే ఐదేళ్ళు చాలవు.

సోల్డర్_బాబాయ్
తమ్ముడూ, ఆ 99 ఎలా వచ్చిందో చెప్తావా? బీట్లన్నీ కలిపేసి కొన్ని ట్రైనింగ్‌కి, కొన్ని టెస్టింగ్‌కి విడదీశావా, లేక మనుషుల్ని విడదీశావా?

తొంభైతొమ్మిది_శాతం
బీట్లే. అందరూ అలాగే చేస్తారు.

సోల్డర్_బాబాయ్
అందరూ చేస్తారు, అక్కడే ఉంది తిరకాసు. ఆ డేటాబేస్‌లో ఉన్నవి 48 రికార్డులు, ఒక్కోటి అరగంట, మొత్తం 47 మంది. ఒకే మనిషి గుండె బీట్లు సగం ట్రైనింగ్‌లో, సగం టెస్టింగ్‌లో పడితే నీ ప్రోగ్రాము జబ్బుని కాదు, ఆ మనిషిని గుర్తుపడుతోంది. పరీక్ష ముందురోజు రాత్రి ప్రశ్నపత్రం చేతిలో పెట్టి, మర్నాడు ఫస్టు వచ్చాడని దండ వేసినట్టుంటుంది. 2004లోనే డి షజాల్ బృందం పేస్‌మేకర్ ఉన్న నాలుగు రికార్డులు తీసేసి, మిగతావి 22, 22గా మనుషుల లెక్కన విడదీసి చూపించింది. ఆ పద్ధతిలో ఒకసారి నడిపి, వచ్చిన నంబరు ఇక్కడ పెట్టు.

తొంభైతొమ్మిది_శాతం
సరే, నడిపి చెప్తా. కానీ టాపిక్ అది కాదు కదా బాబాయ్.

సోల్డర్_బాబాయ్
అదే టాపిక్. ఆ అమ్మాయి గైడు చెప్పే "ఊరికే దొరికే డేటా" సంగతే ఇది. అందులో గుండె ఒక చోట, మెదడు ఇంకో చోట. ఈఈజీకి సీహెచ్‌బీ-ఎంఐటీ ఉంది, ఫిట్స్ ఉన్న పిల్లలది. ఆ పిల్లలు వేరు, ఈ 47 మంది వేరు. రెంటినీ కలిపి కూర్చుంటే ఒక మనిషి అవడు.

ఈఈజీ_గది
నేను ఈఈజీ టెక్నీషియన్‌ని. అమ్మా మిల్లీవోల్ట్, నువ్వు కొత్తగా కనిపెడుతున్నానంటున్న దాంట్లో సగం రోజూ నా చేతుల మీదుగా వెళ్తోంది. మామూలు ఈఈజీలో కూడా ఒక ఈసీజీ గీత పెట్టాలి, అది రూలు. తెరలో అన్నిటికన్నా కింద ఉంటుంది. రిపోర్టు రాసేవాళ్ళు పైన ఉన్న గీతలే చూస్తారు, కింది దాని జోలికి పోయేవాళ్ళు తక్కువ.

ఇక ఎలక్ట్రోడ్ల సంగతి. చర్మం దగ్గర కరెంటుకి అడ్డు, అదే ఇంపీడెన్స్, 5 కిలోఓమ్ లోపు రాకపోతే నేను రికార్డింగ్ మొదలుపెట్టను. ముందురోజు తలంటుకుని నూనె పెట్టకుండా రమ్మని చీటీ రాసి మరీ ఇస్తాం. అయినా పొద్దున్నే కొబ్బరినూనె దట్టంగా రాసి, జడ వేసి, మల్లెపూలు పెట్టి తీసుకొస్తారు. డాక్టరు దగ్గరికి కదా, శుభ్రంగా కనబడాలని! దువ్వెన చివరతో పాయ తీసి, రాపిడి జెల్‌తో చర్మం రుద్ది, పేస్ట్ పెట్టి, పైన గాజుగుడ్డ ముక్క వేసి నొక్కాలి. ఒక్కో బిందువుకీ ఇంత తతంగం. నువ్వు నుదురూ చెవి వెనకా ఎంచుకోవడం తెలివైన పనే, అక్కడ జుట్టుండదు. కానీ కణతల దగ్గర పుట్టే ఫిట్స్ సంగతేంటి? నాలుగు చోట్ల పెట్టి అంతా పట్టానంటే నేనొప్పుకోను.

చెమటకి గీతలు పైకీ కిందకీ ఊగుతాయి, నిదానంగా. గదిలో ఏసీ లేకపోతే వైజాగ్‌లో ఈఈజీ తియ్యడం దండగ. సీలింగ్ ఫ్యాను వెయ్యొద్దు, వైర్లు ఊగినా గీత ఊగుతుంది.

మిల్లీవోల్ట్
@ఈఈజీ_గది మేడమ్, చాలా థాంక్స్, ఇవి ఏ పేపర్లోనూ రాయరు. కణతల సంగతి ఒప్పుకుంటున్నా. నాది ఫిట్స్ ఎక్కడ పుట్టాయో వెతికే పరికరం కాదు. ఆ క్షణంలో మెదడు అలలు మందగించాయా, లేక ఒక్కసారిగా లయబద్ధంగా పేలాయా, అది తెలిస్తే చాలు.

ఈఈజీ_గది
మేడమ్ కాదు, సార్.

మురీమిక్చర్
😂😂 మల్లెపూల గురించి అంత వివరంగా రాస్తే ఎవరైనా మేడమ్ అనే అనుకుంటారు సార్.

గాజువాక_మావయ్య
నాకు ఈ ఓల్టులూ గీల్టులూ తెలీవు గానీ ఒక మాట సెప్తాను. మా అక్క కొడుకు, సిన్నప్పట్నించీ ఆటల్లో పరిగెడతా పరిగెడతా పడిపోయీవోడు. పడిపోగానే కాళ్ళూ సేతులూ కొట్టీసుకునీవోడు. ఈదిలో జనం ఊరుకుంటారా, తాళాల గుత్తి తెచ్చి సేతిలో కుక్కీవోరు. తాయెత్తు కట్టించినాం. తరవాత ఒక పెద్దాసుపత్రికి ఎల్లినాం, పేరెందుకు లెండి. ఫిట్సన్నారు. ఏళ్ళ తరబడి బిళ్ళలు మింగినాడు గుంటడు. మత్తుగా ఉండీది, సదువు సట్టుబండలైపోయింది. పడిపోడం మాత్రం ఆగలేదు.

ఆఖరికి హెర్నియా ఆపరేసన్ కోసం ఇంకో ఆసుపత్రికి ఎల్తే, మత్తు డాక్టరు ముందు ఈసీజీ తీయించమన్నాడు. ఆ కాయితం సూసి ఆపరేసన్ ఆపీసి, గుండె డాక్టర్ని పిలిపించినాడు. లాంగ్ క్యూటీ అంట. ఫిట్సే కాదంట! ఇప్పుడు ఏరే బిళ్ళ ఏసుకుంటన్నాడు, మళ్ళీ పడిపోలేదు.

ఆ పాపని ఆ మిసనీ సెయ్యనీండి. ఏటి పోతాది?

నైట్‌డ్యూటీ_డాక్టర్
కార్డియాలజీలో ఉన్నా. గాజువాక మావయ్య గారి కథ చదివి ఒళ్ళు మండింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా జరిగింది. లాంగ్ క్యూటీ అంటే ప్రతి బీటు తర్వాతా గుండె మళ్ళీ సర్దుకోవడానికి ఎక్కువసేపు పట్టడం, దాంతో ఒక్కోసారి లయ తప్పుతుంది. పరిగెడుతుంటేనో ఈత కొడుతుంటేనో పడిపోవడం ఆ జబ్బులో మొదటి రకానికి పెద్ద గుర్తు. రెండో రకంలో అలారం, ఫోన్ రింగు లాంటి హఠాత్ శబ్దానికి పడిపోతారు. మూడో రకంలో నిద్రలో.

రక్తం అందకపోతే మెదడు పది సెకన్లలోపే స్పృహ వదిలేస్తుంది. అప్పుడు కాళ్ళూ చేతులూ అదరడం మామూలే, అది మూర్ఛ కానక్కర్లేదు. 1994లో జర్మనీలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని కావాలనే సొమ్మసిల్లేలా చేసి వీడియో తీశారు. పూర్తిగా సొమ్మసిల్లిన 42 సార్లలో 38 సార్లు ఒళ్ళు కుదుపులు కనబడ్డాయి. కాబట్టి "కొట్టుకున్నాడు" అన్న ఒక్క మాట మీద ఫిట్సు బిళ్ళలు రాయడం తప్పు.

ఇప్పుడు మిల్లీవోల్ట్ గారికి. మీ పెట్టె అక్కర్లేదు. మావయ్య గారి మేనల్లుడికి కావలసింది కొత్త యంత్రం కాదు, మొదటిరోజే ఒక మామూలు 12 లీడ్ల ఈసీజీ. ఊరూరా దొరికేది. కాగితం సెకనుకి 25 మి.మీ. చొప్పున నడుస్తుంది, చిన్న గడి అంటే 0.04 సెకను. గీతలో క్యూ అనే అల మొదలు నుంచి టీ అనే అల చివరిదాకా 12 గడులు వచ్చాయనుకోండి, 0.48 సెకను. దీన్ని గుండె వేగాన్ని బట్టి సరిచెయ్యాలి. గుండె నిమిషానికి 75 సార్లు కొడుతుంటే ఒక ఆర్ (ఎత్తుగా లేచే మొన) నుంచి ఇంకో ఆర్‌కి 0.8 సెకను, దాని వర్గమూలం 0.894. 0.48ని దాంతో భాగిస్తే 0.537. అంటే 537 మిల్లీసెకన్లు. 500 దాటితే ప్రమాదం. ఈ లెక్క చెయ్యడానికి స్కేలూ ఫోన్లో క్యాలిక్యులేటరూ చాలు.

సోల్డర్_బాబాయ్
డాక్టర్ గారూ, ఈఈజీలో కింద ఉండే ఈసీజీ గీత మీద ఈ లెక్క వేయొచ్చా?

నైట్‌డ్యూటీ_డాక్టర్
వద్దు. అది ఒకే లీడు, టీ చివర ఎక్కడో సరిగ్గా తెలీదు. పైగా ఈఈజీ ఫిల్టర్లు 0.5, ఒక్కోసారి 1 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేస్తాయి. మేం జబ్బు తేల్చడానికి తీసే ఈసీజీ 0.05 దాకా వెళ్తుంది. ఈఈజీ ఫిల్టర్ల వల్ల గీతలో ఎస్‌టీ అనే భాగం ఆకారం మారిపోతుంది. ఆ గీతలో లయ చూడొచ్చు. కొట్టుకుంటోందా, ఆగిందా, పరిగెడుతోందా, అంతే.

మిల్లీవోల్ట్
డాక్టర్ గారితో ఇక్కడే పేచీ. లాంగ్ క్యూటీ అయితే మామూలు ఈసీజీలో దొరుకుతుంది, సరే. అదీ అన్నిసార్లూ కాదు కదా, కొందరికి విశ్రాంతిగా ఉన్నప్పుడు మామూలుగానే ఉంటుంది. మరి కణత దగ్గరి మెదడు భాగంలో పుట్టిన ఫిట్స్ వల్లే గుండె కొన్ని సెకన్లు ఆగిపోయే వాళ్ళ సంగతో? వాళ్ళకి హోల్టర్ (రోజంతా ఈసీజీ రాసే చిన్న పెట్టె) పెడితే గుండె ఆగినట్టు కనబడుతుంది. గుండె జబ్బే అనుకుని ఊరుకుంటే అసలు జబ్బు ఉండిపోతుంది. గుండె వల్ల మెదడు ఆగిందా, మెదడు వల్ల గుండె ఆగిందా అన్నది ఒక్క యంత్రం చూస్తే తెలీదు. ఏది ముందు జరిగిందో తెలియాలంటే రెండూ ఒకే కాగితం మీద ఉండాలి.

నైట్‌డ్యూటీ_డాక్టర్
ఫిట్స్‌తో గుండె ఆగడం అరుదు. ఎక్కువమందిలో ఫిట్స్ వస్తే గుండె వేగం పెరుగుతుంది. ఉన్నమాటే గానీ, అరుదైనదాని కోసం ఊళ్ళో అందరి నుదుటికీ వైర్లు అంటిస్తారా?

మిల్లీవోల్ట్
అందరికీ ఎందుకు? ఈసీజీ, ఈఈజీ, ఎకో అన్నీ బాగున్నా పడిపోతూనే ఉన్నవాళ్ళకి.

నైట్‌డ్యూటీ_డాక్టర్
ఆ ముక్క మొదటి పోస్టులోనే రాసుంటే నేనింత వాదించేవాణ్ణి కాదు. మీ గైడుకి కూడా ఇలాగే చెప్పండి.

వాచీ_రాజు
నా చేతి వాచీలోనే ఈసీజీ ఉంది. ఇంత గొడవెందుకు?

సోల్డర్_బాబాయ్
ఆ వాచీలో ఈసీజీ రావాలంటే రెండో చేతి వేలు పెట్టి 30 సెకన్లు కదలకుండా కూర్చోవాలి. స్పృహ తప్పినవాడు వేలెలా పెడతాడు రాజూ?

వాచీ_రాజు
పక్కనున్నవాళ్ళు పెట్టొచ్చు కదా

మురీమిక్చర్
పక్కనున్నవాళ్ళు తాళాలు వెతికే పనిలో ఉంటారు.

రిటైర్డ్_మాస్టారు
గుండె మెదడు రెండూ ఎందుకు అనే గైడు గారికి కొంచెం చరిత్ర వినిపించాలనుంది. ఈసీజీకి ఆద్యుడైన డచ్ శాస్త్రవేత్త ఐంథోవెన్ యంత్రం దాదాపు 270 కిలోలు, నడపడానికి ఐదుగురు. చేతులూ ఎడమకాలూ ఉప్పునీళ్ళ తొట్లలో పెట్టుకుని కూర్చోవాలి రోగి. అంత యంత్రాన్ని ఆసుపత్రికి మోసుకెళ్ళలేక 1905లో టెలిఫోను తీగ మీద కిలోమీటరున్నర దూరం నుంచి గుండె సంకేతాన్ని లాబ్‌కి రప్పించాడాయన. అంటే కేజీహెచ్‌లో మంచం మీద రోగి, జగదాంబ జంక్షన్ దాటి కొంచెం అవతల యంత్రం. ఇంట్లో ఉన్న రోగికి పెట్టె తగిలించడం కొత్త పిచ్చేమీ కాదు. 1924లో నోబెల్ ఇచ్చారు.

అదే 1924లో హాన్స్ బెర్గర్ మనిషి మెదడు అలల్ని మొదటిసారి పట్టాడు. ఎవరికీ చెప్పకుండా ఐదేళ్ళు దాచుకుని 1929లో అచ్చేశాడు. ఎందుకు దాచాడంటే ఆయనకే అనుమానం, ఇది మెదడు నుంచే వస్తోందా, గుండె నుంచో కండరాల నుంచో వస్తోందా అని. తన కొడుకు తల మీదే ఎన్నోసార్లు తీసుకున్నాడు. ఆయన పేపరు వచ్చాక కూడా చాలామంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ చేసి చూపించాకే దారికొచ్చారు. ఈఈజీ మొదలైననాడే గుండెతో తగవు మొదలైంది.

ఈఈజీ_గది
మాస్టారు చెప్పినది ఇప్పటికీ ఉంది. మెడ పొట్టిగా, లావుగా ఉన్నవాళ్ళకి గుండె కరెంటు ఈఈజీ గీతల్లో దిగిపోతుంది, ముఖ్యంగా మిగతావాటిని పోల్చి కొలిచే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ చెవి దగ్గర పెడితే. కొత్తగా చేరిన పిల్లలు అది చూసి ఫిట్స్‌కి గుర్తైన స్పైకులు అనుకుంటారు. కింది ఈసీజీ గీతతో పోల్చి చూడండ్రా అని నేను మొత్తుకునేది అందుకే.

తొంభైతొమ్మిది_శాతం
రెడీమేడ్ హోల్టర్ ఒకటి, రెడీమేడ్ ఈఈజీ పెట్టె ఒకటి కొని రెండూ తగిలించి, తర్వాత కంప్యూటర్లో టైము కలిపేస్తే పోలా? బోర్డు తయారుచెయ్యక్కర్లేదు.

సోల్డర్_బాబాయ్
పోదు. ఏ గడియారమూ కచ్చితంగా నడవదు. పెట్టెలో ఉండే క్రిస్టల్ మామూలుగా మిలియన్‌కి 20 అటూఇటూ తప్పుతుంది. ఒకటి అటు, ఒకటి ఇటు తప్పిందనుకో, తేడా 40. గంటకి 144 మిల్లీసెకన్లు. రోజంతా పెట్టుకుంటే మూడున్నర సెకన్లు. ఏది ముందు, ఏది వెనక అని తేల్చడానికే కదా ఆ అమ్మాయి ఈ తిప్పలు పడుతోంది? గుండె ఆగాక మెదడు మందగించడానికి పట్టేదే కొద్ది సెకన్లు, అందులో మూడున్నర గడియారమే తినేస్తే ఇంకేం తేలుస్తావు?

అందుకని అమ్మాయీ, రెండూ ఒకే చిప్పు మీద పెట్టు. ఏడీఎస్1299 అని ఉంది, 8 ఛానెళ్ళు, 24 బిట్లు, అన్నీ ఒకే క్షణంలో శాంపిల్ చేస్తుంది. గెయిన్ (సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచాలన్నది) 24 పెట్టినా 187 మిల్లీవోల్టుల దాకా తట్టుకుంటుంది. గుండెది 1 మిల్లీవోల్ట్, మెదడుది పదుల మైక్రోవోల్టులు. రెండూ హాయిగా పడతాయి. ఈసీజీ ఛానెల్‌కి గెయిన్ తగ్గించుకున్నా నష్టం లేదు.

50 హెర్ట్జ్ సంగతి: ముందు లాప్‌టాప్ చార్జర్ పీకు. సగం పోతుంది. వైర్లన్నీ జడలా పెనవేసి ఒంటికి ఆనించు, లూపు పెద్దదైతే గీత లావవుతుంది. ఆ చిప్పులోనే బయాస్ అని ఒక ఔట్‌పుట్ ఉంది, ఒంట్లోకి చేరిన 50 హెర్ట్జ్‌ని తిరగేసి పంపి తగ్గిస్తుంది, ఈసీజీలో కుడికాలికి పెట్టేది అదే పని చేస్తుంది, దాన్ని ఒంటికి తగిలించావా? లేకపోతే ఆ 50ని కోసే నాచ్ ఫిల్టర్లు ఎన్ని పెట్టినా అంతే.

మురీమిక్చర్
మెదడు కొలవడానికి కుడికాలా? ఏ డాక్టరూ నమ్మడు బాబాయ్.

మిల్లీవోల్ట్
బయాస్ తగిలించలేదు, ఆ పిన్ను ఖాళీగా ఉంది. రేపు చెవి వెనక పెట్టి చూస్తా.

పెదగంట్యాడ_కుర్రోడు
నేను వైజాగ్‌లో వైద్య పరికరాలు చేసే మెడ్‌టెక్ జోన్‌లో ఒక కంపెనీలో పని చేస్తున్నా. పని ఎక్కడిదాకా వచ్చినా మనిషికి తగిలించేముందు భద్రత చూసుకోవాలి అక్కా. కరెంటు ప్లగ్గుకి తగిలిన ఏ వస్తువూ ఆ సమయంలో పెట్టెకి తగలకూడదు. బ్యాటరీ, బ్లూటూత్, అంతే. వైద్య పరికరాల భద్రత ప్రమాణం ఐఈసీ 60601 ప్రకారం ఒంటి మీద పెట్టే బీఎఫ్ రకానికి మామూలు స్థితిలో ఒంట్లోకి కారే కరెంటు (లీకేజీ) 100 మైక్రోఆంప్స్ లోపు ఉండాలి, గుండెకి నేరుగా తగిలే సీఎఫ్ రకానికి 10. జోన్‌లో ఎలక్ట్రికల్ సేఫ్టీ పరీక్షలు చేసే లాబ్ ఉంది. ఆ కాగితం ఉంటే ఎథిక్స్ కమిటీలో సగం ప్రశ్నలు రావు.

మిల్లీవోల్ట్
@పెదగంట్యాడ_కుర్రోడు ఇది చాలా అవసరమైన మాట తమ్ముడూ. మెసేజ్ పెట్టా, చూడు.

నైట్‌డ్యూటీ_డాక్టర్
రాత్రంతా ఆలోచించా (డ్యూటీ ఖాళీగా ఉంది, మా దగ్గర ఇది పెద్ద వింత). ఇంట్లో 24 గంటలు అన్నది మొదటే పెట్టుకోవద్దు. పడిపోయే క్షణం ఎప్పుడొస్తుందో తెలీదు, నెలల తరబడి ఎదురుచూసి ఒక్క కేసు కూడా దొరక్కుండా మీ పీహెచ్‌డీ గడువు అయిపోతుంది.

టిల్ట్ టేబుల్ టెస్టుతో మొదలుపెట్టండి. పేషెంటుని బల్ల మీద పడుకోబెట్టి, పట్టీలు కట్టి, 60, 70 డిగ్రీలకి లేపి నిలబెడతాం. కొందరు మా కళ్ళ ముందే సొమ్మసిల్లుతారు. డాక్టరుంటాడు, బీపీ ఉంటుంది, ఈసీజీ ఉంటుంది, వెంటనే దించేస్తాం. ఆ టైములో మీ నాలుగు నుదుటి ఛానెళ్ళూ వీడియో కూడా ఉంటే ఏది ముందో గీత గీసినట్టు కనబడుతుంది. అప్పుడే మీ పెట్టె నిజం చెబుతోందో లేదో తెలుస్తుంది. దీనికైతే కార్డియాలజీలో ఒప్పుకునేవాళ్ళు దొరుకుతారు.

ఈఈజీ_గది
టిల్ట్ టేబుల్ మీద మామూలు ఈఈజీ కూడా తగిలించండి, పోల్చుకోవడానికి. నాలుగు ఛానెళ్ళని నేను నమ్మాలంటే అది కావాలి. వైర్లు నేను పెడతా.

తొంభైతొమ్మిది_శాతం
బాబాయ్, నడిపా. మనుషుల లెక్కన విడదీస్తే సుప్రావెంట్రిక్యులర్ బీట్లు (గుండె పైభాగంలో పుట్టే తేడా బీట్లు) సగం కూడా పట్టట్లేదు.

సోల్డర్_బాబాయ్
ఇప్పుడు నీ దగ్గర పీహెచ్‌డీకి సమస్య ఉంది. ఇంతకుముందు లేదు.

మిల్లీవోల్ట్
బయాస్ పిన్ను తగిలించా. 50 హెర్ట్జ్ పూర్తిగా పోలేదు గానీ, కళ్ళు మూసుకుంటే ఆల్ఫా అనే మెదడు అల కనబడింది. నాదే, 10 హెర్ట్జ్ చుట్టూ. కళ్ళు తెరిస్తే పోయింది. టిల్ట్ టేబుల్ ప్లాను రెండు పేజీలు రాసి గైడు గారికి ఇచ్చా. "డాక్టరు సంతకం తెచ్చుకో, చూద్దాం" అన్నారు.

నైట్‌డ్యూటీ_డాక్టర్
ఆ రెండు పేజీలు నాకూ పంపండి. మా ప్రొఫెసర్‌కి చూపిస్తా. మాట ఇవ్వట్లేదు.

గాజువాక_మావయ్య
డాక్టరు బాబూ, ఒక్క మాట. మా మేనల్లుడికి సెల్లెలుంది, పదో తరగతి. అది ఎప్పుడూ పడిపోలేదు. దానికేటైనా సూపించాలా?

నైట్‌డ్యూటీ_డాక్టర్
చూపించాలి. ఇది వంశంలో వచ్చే జబ్బు. ఎప్పుడూ పడిపోకపోయినా ఉండొచ్చు. పాపకీ, అమ్మానాన్నలకీ ముగ్గురికీ ఈసీజీ తీయించి గుండె డాక్టరుకి చూపించండి. ఈలోగా జ్వరానికో వాంతులకో మందులషాపులో ఏదిపడితే అది అడిగి తెచ్చుకోవద్దు, కొన్ని యాంటీబయాటిక్స్, వాంతుల మందులు కూడా క్యూటీని పెంచుతాయి. మేనల్లుడి విషయంలోనూ అంతే, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు జబ్బు పేరు చెప్పమనండి.

గాజువాక_మావయ్య
మా బావ ఒప్పుకోడు. నాకేటి జబ్బు, నాను ఎద్దులాగున్నానంటాడు.

నైట్‌డ్యూటీ_డాక్టర్
పాపకి తోడు రమ్మని తీసుకెళ్ళండి. అక్కడికొచ్చాక చొక్కా విప్పించే పూచీ వాళ్ళది.